సదరం సర్టిఫికెట్: స్లాట్ దగ్గరే తడబడుతున్నారు

మొన్న సదరం (వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే) క్యాంపు బయట మెట్ల మీద గాజువాక పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. ఒక కన్ను పూర్తిగా పోయింది, చిన్నప్పటి పోలియోతో ఎడమ కాలు ఈడుస్తారు. కన్ను చూసి 30 శాతం అన్నారట. పింఛనుకు 40 ఉండాలి. పక్కనే ఒకడు పర్సెంటేజీ పెంచిస్తానని బేరం పెడుతున్నాడు.

దరఖాస్తు పెద్ద పనేం కాదు. ఆధార్, ఫోన్ తీసుకుని వార్డు సచివాలయానికో మీసేవకో వెళ్తే స్లాట్ బుక్ చేస్తారు. రసీదులో తేదీ, ఆసుపత్రి ఉంటాయి. విశాఖలో అందరికీ కింగ్ జార్జ్ ఆసుపత్రే (కేజీహెచ్) అనుకుని బయల్దేరకండి, రసీదు చూసుకోండి.

చిక్కంతా వైకల్యం ఏమిటని అడిగినప్పుడే. చాలామంది ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు. ఒకటికి మించి వైకల్యాలున్నవాళ్లు 21 లక్షల మందికి పైగా. ఈ పెద్దాయనా అలాంటివారే, కానీ స్లాట్ కంటికి మాత్రమే తీశారు.

ఒక కన్ను పోయి రెండోది బాగుంటే నిబంధనల ప్రకారం 30 శాతమే. డాక్టర్ల తప్పేం లేదు. కాలికి 20 వచ్చిందనుకోండి, రెండూ కలిపితే 50 కాదు. చిన్న అంకెను 60తో (అంటే 90లోంచి 30 పోగా మిగిలింది) గుణించి 90తో భాగిస్తారు. 13.3 వస్తుంది. దాన్ని 30కి కలిపితే 43.3, గీత దాటినట్టే! అందుకే ఉన్నవన్నీ ముందే చెప్పండి, పాత ఎక్స్‌రేలు, చీటీలు అన్నీ పట్టుకెళ్లండి. చెవి సంగతి వేరు: రెండు చెవుల్లోనూ కనీసం 60 డెసిబెల్స్ నష్టం ఉంటేనే లెక్క. ఒక్క చెవే పోతే రాదు, టెన్షన్ పడి డబ్బు పోసినా రాదు.

దళారీ మాట నమ్మి దొంగ సర్టిఫికెట్‌తో లబ్ధి పొందాలని చూస్తే, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. కేసు మీ మీద కూడా పడుతుంది. శాతం తప్పనిపిస్తే అప్పీలు చేసుకునే హక్కు అదే చట్టంలో ఉంది.

కాగితం చేతికొచ్చాక "తాత్కాలికం" అని ఉందేమో చూడండి. ఉంటే గడువు తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకోండి, ఆలోపే మళ్లీ స్లాట్ తీయాలి.