విదేశాల నుంచి వీడియో గేమ్ కొనడం ఎలా? ధరల తేడాను లెక్కించి, చిక్కుల్లో పడకుండా కొనే పద్ధతి

ఒకే వీడియో గేమ్ ఒకే రోజున ప్రపంచమంతటా విడుదలైనా, దాని ధర మాత్రం ఒక దేశంలో ఉన్నట్టు మరో దేశంలో ఉండదు. ఆ తేడా ఒక్కోసారి సగానికి సగం వరకూ ఉంటుంది కనుక, చవకగా దొరికే చోటు నుంచే తెప్పించుకుందామన్న ఆలోచన రావడం సహజం. అది సాధ్యమే. అయితే మీరు కొనేది డిస్కా, డౌన్‌లోడా, కోడా (ఖాతాలో నమోదు చేస్తే గేమ్‌ను ఇచ్చే అక్షరాల, అంకెల వరుస), లేక కన్సోలేనా (గేమ్‌లు ఆడే యంత్రం) అన్నదాన్ని బట్టి పాటించవలసిన జాగ్రత్తలు పూర్తిగా మారిపోతాయి. కొన్న వస్తువు ఏ దేశపు ఖాతాకు ముడిపడుతుందో డబ్బు చెల్లించకముందే తేల్చుకోవాలి. ఎక్కువమంది నష్టపోయేది ఈ ఒక్క విషయం తెలియకనే.

మొదటి మెట్టు: ధర ఎందుకు తగ్గిందో తెలుసుకోండి

డిజిటల్ దుకాణాల్లో ధరను సాధారణంగా ప్రచురణ సంస్థ నిర్ణయిస్తుంది. కంప్యూటర్ గేమ్‌ల డిజిటల్ దుకాణమైన స్టీమ్‌లో ప్రచురణకర్త డాలర్లలో ఒక ధర పెట్టగానే, ఆ దుకాణాన్ని నడిపే వాల్వ్ సంస్థ మిగతా కరెన్సీలకు తగిన ధరలను సూచిస్తుంది. మారకపు రేటుతో పాటు ఆయా దేశాల ప్రజల కొనుగోలు శక్తిని కూడా చూసి ఇచ్చే సూచనలవి. వాటిని పాటించడమా, మార్చుకోవడమా అన్నది ప్రచురణకర్త ఇష్టం. 2022 అక్టోబరులో వాల్వ్ ఈ సూచనలను సవరించింది. ఒక దేశపు కరెన్సీ విలువ వేగంగా పడిపోతున్నప్పుడు ఇలాంటి ధరలు వెనకబడిపోతాయి. అప్పుడు ఆ దేశం బయటివారికి గేమ్‌లు ఆశ్చర్యకరమైనంత చవకగా కనిపిస్తాయి.

అర్జెంటీనా, తుర్కియే (టర్కీ)ల విషయంలో జరిగింది ఇదే. బయటి దేశాలవారు తమ ఖాతాలను అక్కడివిగా చూపించి పెద్ద ఎత్తున కొనుగోళ్లు చేస్తూ వచ్చారు. కరెన్సీ విలువలోని ఒడుదొడుకులను కారణంగా చెబుతూ, 2023 నవంబరు 20 నుంచి ఆ రెండు దేశాల్లోనూ స్టీమ్ స్థానిక కరెన్సీని తొలగించి డాలర్ ధరలను ప్రవేశపెట్టింది. దాంతో అక్కడి ఆటగాళ్లకు చాలా గేమ్‌లు ఒక్కసారిగా అందనంత ఖరీదయ్యాయి. స్థానిక ఆదాయాలను చూసి పెట్టిన ధర ఆ దేశంలో బతికేవారి కోసమేనని నా గట్టి అభిప్రాయం. దొంగ చిరునామాతో దాన్ని వాడుకుంటే చివరికి మూల్యం చెల్లించేది ఆ దేశంలోని ఆటగాళ్లే. అందుకే ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ నియమాలకు లోబడినవే.

దీనికి విరుద్ధమైన దేశాలూ ఉన్నాయి. అదే సాఫ్ట్‌వేర్‌కు తాము ఎక్కువ చెల్లిస్తున్నామని ఆస్ట్రేలియన్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నాక, అక్కడి పార్లమెంటరీ కమిటీ విచారణ జరిపి 2013 జులైలో నివేదిక ఇచ్చింది. ఆ అదనపు భారానికి జనం పెట్టిన పేరు ‘ఆస్ట్రేలియా పన్ను’. అలాంటి చోట నివసించేవారు విదేశీ దుకాణం వైపు చూడడంలో తప్పేమీ లేదు.

రెండో మెట్టు: అసలు ఖర్చు ఎంతో లెక్క వేయండి

తెరపై కనిపించే ధరలను నేరుగా పోల్చకూడదు. అమెరికాలో చూపించే ధరలో అమ్మకపు పన్ను ఉండదు, చెల్లించే సమయంలో రాష్ట్రాన్ని బట్టి అది కలుస్తుంది. ఐరోపా దేశాల ధరల్లో విలువ ఆధారిత పన్ను ముందే కలిసి ఉంటుంది. అది జర్మనీలో 19 శాతం, హంగేరీలో 27 శాతం. ఈ తేడాను మరచిపోయి, ఒక దేశం ఖరీదైనదనీ మరొకటి చవకనీ తీర్మానించడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

డిస్కు లేదా కన్సోల్ తెప్పించుకునేటప్పుడు ఇలా లెక్కించండి. మీ దేశంలో 100 ధర ఉన్న గేమ్ విదేశంలో 70కి దొరుకుతోందనుకుందాం. రవాణాకు 15 కలిపితే 85 అవుతుంది. దిగుమతి సుంకం, పన్ను కలిపి 20 శాతం అనుకుంటే, చాలా దేశాల్లో దాన్ని రవాణా ఖర్చుతో సహా లెక్కిస్తారు కనుక మరో 17 చేరి 102 అవుతుంది. విదేశీ లావాదేవీకి కార్డు సంస్థ 3 శాతం తీసుకుంటే ఇంకో 2.55. అంటే 30 ఆదా అవుతుందనుకున్న చోట నాలుగున్నర ఎక్కువే ఖర్చయింది. పన్ను వసూలు చేసి పెట్టినందుకు కొరియర్ సంస్థ విడిగా తీసుకునే రుసుము ఈ లెక్కలోకి రాలేదు.

చిన్న పార్శిళ్లకు పన్ను ఉండదన్న పాత నమ్మకాన్ని వదిలిపెట్టండి. ఐరోపా సమాఖ్య 22 యూరోల లోపు వస్తువులకు ఇచ్చిన పన్ను మినహాయింపును 2021 జులై 1న ఎత్తివేసింది. అమెరికా 800 డాలర్ల లోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29న నిలిపివేసింది. మీ దేశపు కస్టమ్స్ విభాగం ప్రస్తుతం ఏ పరిమితిని అమలు చేస్తోందో కొనే రోజునే చూసుకోవాలి.

చెల్లించే పేజీలో ‘మీ సొంత కరెన్సీలో చెల్లిస్తారా’ అని అడిగితే వద్దని చెప్పి, అమ్మకందారు కరెన్సీలోనే చెల్లించండి. సొంత కరెన్సీ చూపించే సౌకర్యానికి వాడే మారకపు రేటు సాధారణంగా బ్యాంకు రేటు కన్నా మీకు నష్టకరంగా ఉంటుంది.

ఇంత లెక్కా వేశాక, సొంత దేశపు దుకాణంలోనే ఆ గేమ్ గతంలో ఎంత తగ్గిందో కూడా చూడండి. స్టీమ్ గేమ్‌లకు వివిధ కరెన్సీల ధరలనూ, వాటి చరిత్రనూ స్టీమ్‌డీబీ అనే వెబ్‌సైట్ చూపిస్తుంది. రెండు నెలలు ఆగితే వచ్చే రాయితీ ధర, విదేశీ ధర కన్నా తక్కువగా ఉండడం అరుదేమీ కాదు.

మూడో మెట్టు: డిస్కు మీ యంత్రంలో ఆడుతుందో లేదో చూడండి

నింటెండో వీ (Wii), 3డీఎస్, వీ యూ (Wii U) యంత్రాలు ఇతర ప్రాంతాల గేమ్‌లను అంగీకరించవు. ప్లేస్టేషన్ 2 కూడా అంతే. ఎక్స్‌బాక్స్ 360లో ఇలాంటి ప్రాంతీయ తాళం వేయడం ప్రచురణకర్త ఇష్టానికి వదిలేశారు కాబట్టి ఒక్కో గేమ్‌నూ విడిగా పరిశీలించాలి. తర్వాతి తరం నుంచి పరిస్థితి మారింది. నింటెండో స్విచ్, ప్లేస్టేషన్ 4, 5, ఎక్స్‌బాక్స్ వన్ గేమ్‌లకు సాధారణంగా ప్రాంతీయ తాళం ఉండదు. ప్లేస్టేషన్‌లో సినిమా డిస్కులకు మాత్రం ఆ తాళం ఇప్పటికీ వర్తిస్తుంది.

తాళం లేనంత మాత్రాన ఇబ్బందులు తీరిపోవు. జపాన్ డిస్కులో ఇంగ్లీషు ఉండకపోవచ్చు, కాబట్టి భాషల జాబితాను ముందే చదవండి. అంతకన్నా ముఖ్యమైనది డీఎల్‌సీ, అంటే గేమ్‌కు విడిగా కొనే అదనపు భాగాలు. ప్లేస్టేషన్‌లో ఇవి డిస్కు ఏ ప్రాంతానిదో ఆ ప్రాంతపు దుకాణం నుంచే కొనాలి. విదేశీ డిస్కు ఒకటి చవకగా వచ్చిందని సంతోషించి, అదనపు కథను నా సొంత ఖాతాలో కొన్నాక, ఆ రెండూ ఒకదాన్నొకటి గుర్తించవని నాకు తెలిసింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. అదనపు భాగాలు కొనే ఉద్దేశం ఉంటే డిస్కును మీ ప్రాంతానిదే తీసుకోండి.

కన్సోల్ కొనేవారికి 2025లో వచ్చిన స్విచ్ 2 మంచి ఉదాహరణ. విడుదలైనప్పుడు జపాన్‌లో దాని ధర 49,980 యెన్‌లు, అమెరికాలో 449.99 డాలర్లు, అప్పటి మారకపు రేటులో జపాన్ ధర చాలా తక్కువ. కానీ ఆ ధరకు వచ్చే యంత్రం జపనీస్ భాషలో మాత్రమే పనిచేస్తుంది, జపాన్ దేశంగా నమోదైన నింటెండో ఖాతాలనే స్వీకరిస్తుంది. అన్ని భాషలూ ఉన్న యంత్రాన్ని అక్కడే 69,980 యెన్‌లకు అమ్మకానికి పెట్టారు.

నాలుగో మెట్టు: డౌన్‌లోడ్ అయితే ఖాతా నియమాలు చదవండి

ప్రతి సంస్థ పద్ధతీ వేరు. ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాలో ఒకసారి పెట్టిన దేశాన్ని తర్వాత మార్చలేరు. ఎక్స్‌బాక్స్‌లో మూడు నెలలకు ఒకసారి మార్చుకోవచ్చు. నింటెండో ఖాతాలో దేశం మార్చడం తేలికే గానీ, ఖాతాలో మిగిలిన డబ్బును ముందే ఖర్చు చేసుకోవాలి. పైగా నింటెండో డిజిటల్ దుకాణమైన ఈషాప్ జపాన్‌లో 2025 మార్చి 25 నుంచి విదేశాల్లో జారీ అయిన కార్డులను స్వీకరించడం మానేసింది. స్టీమ్‌లో మీరు నిజంగా వేరే దేశానికి మారినప్పుడే దేశం మార్చుకోవాలి, అది కూడా మూడు నెలలకు ఒక్కసారే, ఆ దేశపు చెల్లింపు సాధనంతోనే. వీపీఎన్‌తో (వేరే దేశం నుంచి ఇంటర్నెట్ వాడుతున్నట్టు చూపించే సాధనం) ఉన్న చోటును దాచడం స్టీమ్ ఒప్పందానికి విరుద్ధం. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న గేమ్‌లన్నీ ఒకే ఖాతాలో ఉంటాయి కనుక, ఒక గేమ్ మీద మిగిలే కొద్ది మొత్తం కోసం దాన్ని పణంగా పెట్టవద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

ఐదో మెట్టు: కోడ్‌ల విషయంలో అమ్మకందారును పరిశీలించండి

గిఫ్ట్ కార్డు ఏ దేశానిదో ఖాతా కూడా ఆ దేశానిదే కావాలన్నది ప్లేస్టేషన్ నియమం. గేమ్ కోడ్‌లలో కొన్ని ఒక ప్రాంతంలోనే చెల్లుతాయి. అమ్మకపు పేజీలో ప్రాంతం పేరు స్పష్టంగా లేకపోతే కొనకండి. ఈ ప్రాంతీయ తాళాలు ప్రతిచోటా చట్టానికి నిలబడవు కూడా. ఐరోపా ఆర్థిక ప్రాంతంలోని కొన్ని దేశాల్లో కొన్న కోడ్‌లు మిగతా దేశాల్లో పనిచేయకుండా ఆపినందుకు, 2021 జనవరిలో ఐరోపా కమిషన్ వాల్వ్‌కూ, మరో అయిదు ప్రచురణ సంస్థలకూ కలిపి 78 లక్షల యూరోల జరిమానా విధించింది.

వ్యక్తులు ఒకరికొకరు కోడ్‌లు అమ్ముకునే వేదికల్లో మరో ప్రమాదం ఉంది. దొంగిలించిన కార్డులతో కొన్న కోడ్‌లు అక్కడికి చేరుతుంటాయి. 2015 జనవరిలో అలాంటి కోడ్‌లను ప్రచురణ సంస్థ యుబిసాఫ్ట్ రద్దు చేసినప్పుడు, సక్రమంగా డబ్బు చెల్లించినవారి గేమ్‌లు కూడా ఖాతాల నుంచి మాయమయ్యాయి. ప్రచురణకర్త అధీకృత విక్రేతల జాబితాలో ఉన్న దుకాణాన్నే ఎంచుకోండి.

ఆరో మెట్టు: చేతికి అందిన వెంటనే పరీక్షించండి

స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, రెండు గంటల కన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు అడగవచ్చు. కాబట్టి భాష, సర్వర్ల పనితీరు లాంటివి మొదటి గంటలోనే చూసుకోండి. పార్శిల్ అయితే విప్పేటప్పుడు వీడియో తీసి, డిస్కును ఆ రోజే ఆడించి చూడండి. కన్సోల్ వారంటీ చాలావరకు అమ్మిన దేశంలోనే చెల్లుతుంది. మరమ్మతుకు తిరిగి అక్కడికే పంపవలసి వస్తే అవసరమయ్యే బిల్లునూ, కస్టమ్స్ రసీదునూ వారంటీ గడువు తీరేదాకా పెట్టెతో పాటే దాచి ఉంచండి.