ఎండకు బతికి వానకు చచ్చే పూలమొక్కలు: ఎక్కడ తేడా వస్తోంది?

కాగితం పూలు, గన్నేరు, దేవగన్నేరు, టెకోమా, బిళ్ళగన్నేరు, అడీనియం. బెజవాడ, గుంటూరు ఎండలకు వీటిని మించినవి లేవని నర్సరీవాళ్లు చెప్పేది నిజమే. అయినా రోహిణీ కార్తె దాటి నిలిచినవి కూడా వానలు పడ్డాక పోతుంటాయి. మన వైపు చాలా పెరళ్లలో ఉన్నది నల్లరేగడి. తాగిన నీళ్లు వదలదు, ఎండితే బీటలు తీస్తుంది. కింద చెప్పే తంటాల్లో సగం అక్కడే మొదలవుతాయి.

మట్టి తడిగానే ఉంది, మొక్క వాడిపోతోంది

బిళ్ళగన్నేరులో ఇది ఎక్కువ. నిన్నటిదాకా పూసిన మొక్క ఇవాళ తల వాల్చేస్తుంది. వెంటనే బకెట్ ఎత్తకండి. వేలు రెండంగుళాలు గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే కారణం వేరుకుళ్లు. నీళ్లు నిలిచి వేళ్లకు గాలి ఆడక, తెగులు పట్టి, ఉన్న నీటిని కూడా పైకి లాగలేకపోతున్నాయి. కాండం మొదలు నల్లబడితే ఆ మొక్క మీద ఆశ వదులుకోండి. పీకేసి, ఆ చోట మళ్లీ బిళ్ళగన్నేరు పెట్టకండి. గన్నేరు, టెకోమా మొండివి. నీళ్లు ఆపి, పక్కన చిన్న కాలువ తీస్తే చాలాసార్లు తేరుకుంటాయి.

మళ్లీ రాకుండా ఉండాలంటే ఎత్తు కావాలి. చాలామంది లోతుగా గొయ్యి తవ్వి, ఎర్రమట్టీ ఇసుకా నింపి నాటతారు. నల్లరేగడిలో అది పనికిరాదు. చుట్టూ బిగుసుకున్న మట్టి, మధ్యలో గుల్ల మట్టి ఉంటే వాననీరంతా ఆ గోతిలోకే దిగి నిలుస్తుంది. గొయ్యి మానేసి, నేల మీదే అడుగెత్తు దిబ్బ పోసి నాటండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు చాలు. మీ నేల సంగతి తెలియకపోతే అడుగు లోతు గుంట తీసి సాయంత్రం నీళ్లు నింపండి. తెల్లారేసరికి ఇంకా నిలిచి ఉంటే దిబ్బ తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినట్టు మునిగితే ఏ దిబ్బా కాపాడదు గానీ, మామూలు ముసురుకు ఇది ఆగుతుంది.

మధ్యాహ్నం వాడి, సాయంత్రం లేస్తోంది

జబ్బు కాదు, మే నెల. వదిలేయండి.

కాగితం పూల తీగ ఏపుగా ఉంది, పువ్వు లేదు

గారం ఎక్కువైంది. రోజూ నీళ్లు, మధ్యమధ్య యూరియా, బియ్యం కడుగు... ఆకు కాక ఇంకేమొస్తుంది? వానలు వెనకబట్టాక కొమ్మల్ని మూడోవంతు కత్తిరించండి, పువ్వు కొత్త చిగురు మీదే వస్తుంది. యూరియా మానేయండి. ఆకు కాస్త వడిలాకే నీళ్లు పోయండి. కనీసం ఐదారు గంటల నేరుటెండ తగలని గోడ పక్కన ఉంటే మాత్రం ఇవేవీ పనిచేయవు, చోటు మార్చాల్సిందే.

కొత్త ఆకు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన

ఇనుప ధాతువు లోపం. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, అందుకే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) మట్టిలో చల్లితే పెద్దగా ఫలితం ఉండదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి చల్లపూట ఆకుల మీద పిచికారీ చేయండి. వారం ఎడంతో రెండు మూడుసార్లు చాలు. నీళ్లు నిలిచినా ఆకు ఇలాగే పాలిపోతుంది కాబట్టి ముందు నేల తడి చూసుకోండి.

ఆకు అంచులు మాడుతున్నాయి, కుండీలో తెల్లటి పొర

బోరు నీటిలోని ఉప్పు. కుండీ అడుగు రంధ్రం పూడుకుపోలేదని చూసి, వాననీళ్లో కుళాయి నీళ్లో అడుగు నుంచి ధారగా కారేదాకా పోయండి. ఉప్పునీటికి గన్నేరు ఓర్చుకుంటుంది.

అడీనియం దుంప మెత్తబడింది

కుళ్లు. మొక్కను పీకి, శుభ్రమైన కత్తితో మెత్తటి భాగమంతా గట్టి కండ తగిలేదాకా చెక్కేయండి. వారం రోజులు నీడలో ఆరబెట్టి, ముతక ఇసుక ఎక్కువున్న పొడి మట్టిలో నాటండి. వానాకాలమంతా చూరు కిందే ఉంచండి, కుండీ కింద పళ్లెం తీసేయండి.

గన్నేరు చిగుళ్ల మీద పసుపు పురుగులు, ఆకులు మాయం

గుంపుగా అంటుకున్నవి పేనుబంక. పైపుతో గట్టిగా నీళ్లు కొడితే రాలిపోతాయి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి చల్లండి. ఆకులు రాత్రికి రాత్రే మాయమైతే కింద నల్లటి రెట్ట గుళికలు వెతకండి. సరిగ్గా దాని పైకొమ్మలోనే వేలంత లావు ఆకుపచ్చ పురుగు, తోక దగ్గర చిన్న కొమ్ముతో ఉంటుంది. చేత్తో ఏరేయొచ్చు, మందు అక్కర్లేదు. గన్నేరు పాలు విషం కాబట్టి తర్వాత చేతులు మాత్రం సబ్బుతో కడుక్కోండి.