న్యాయమూర్తి, ప్రభుత్వ న్యాయవాది: నియామక వార్తను ఎలా చదవాలి

సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ఒకరి పేరు పత్రికల్లో వచ్చినప్పుడు, అది సిఫార్సా, ఆమోదమా, నియామకమా అన్నది ముందుగా చూసుకోవాలి. ఈ మూడింటినీ ఒకటిగా రాసే అలవాటు మన పత్రికల్లో బాగా ఉంది. పౌరులకు అయోమయం మొదలయ్యేది అక్కడే.

రాజ్యాంగంలోని 124వ అధికరణ ప్రకారం, హైకోర్టులో అయిదేళ్లు న్యాయమూర్తిగా పనిచేసినవారు, హైకోర్టులో పదేళ్లు న్యాయవాదిగా ఉన్నవారు, లేదా రాష్ట్రపతి దృష్టిలో విశిష్ట న్యాయకోవిదులు ఈ పదవికి అర్హులు. మూడో దారిలో ఇంతవరకూ ఎవరూ రాలేదు. రెండో దారి కూడా అరుదైనదే. తెలుగువారైన జస్టిస్ పి.ఎస్. నరసింహ గతంలో కేంద్రానికి అదనపు సొలిసిటర్ జనరల్‌గా పనిచేసి, 2021లో బార్ నుంచి, అంటే న్యాయవాద వృత్తి నుంచి, నేరుగా సుప్రీంకోర్టు ధర్మాసనానికి వెళ్లారు.

పేరును ఎంపిక చేసేది కొలీజియం, అంటే ప్రధాన న్యాయమూర్తి, ఆయన తర్వాతి నలుగురు సీనియర్ న్యాయమూర్తులు. కొలీజియం అన్న మాట రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 1993, 1998లలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, అభిప్రాయాల నుంచి ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. దీని స్థానంలో పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న అయిదుగురి ధర్మాసనం 4-1 మెజారిటీతో కొట్టివేసింది. ఆ ఒక్క భిన్నాభిప్రాయం కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్‌ది. ఆ తీర్పును ఎటువైపు నుంచి చదివినా, ఆయన రాసిన భాగాన్ని వదలకుండా చదవాలి.

కొలీజియం తీర్మానం కేంద్ర న్యాయశాఖకు చేరాక, మంత్రి దాన్ని ప్రధానమంత్రి ముందు ఉంచుతారు. ప్రధాని సలహాపై రాష్ట్రపతి తన సంతకంతో, ముద్రతో నియామక పత్రం జారీ చేస్తారు. ఆ సంతకం పడేదాకా ఎవరూ నియమితులు కానట్టే. ప్రభుత్వం ఒకసారి పేరును వెనక్కి పంపవచ్చు, కొలీజియం మళ్లీ అదే పేరు పంపితే ఒప్పుకోవాలి. కానీ ఇంతకాలంలోగా అన్న కచ్చితమైన గడువు లేకపోవడంతో ఫైలు ఏళ్ల తరబడి ఆగిపోయే వీలుంది. నా దృష్టిలో ఈ విధానంలోని అసలు లోపం అదే. అందుకే సిఫార్సు తేదీని, నియామక తేదీని పక్కపక్కన రాసుకుని చూడండి. వాటి మధ్య ఎడం చాలా సంగతులు చెబుతుంది. కొలీజియం తీర్మానాలు 2017 నుంచి సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో దొరుకుతున్నాయి. ప్రధాన న్యాయమూర్తి పదవి మాత్రం ఆనవాయితీగా అందరికంటే సీనియర్‌కే దక్కుతుంది. 1973లోనూ 1977లోనూ ప్రభుత్వం ఈ ఆనవాయితీని పక్కన పెట్టింది.

ప్రభుత్వ న్యాయవాదుల సంగతి వేరు, ఇక్కడ ఎంపిక ప్రభుత్వానిదే. కేంద్రానికి ప్రధాన న్యాయవాది అయిన అటార్నీ జనరల్‌ను 76వ అధికరణ కింద రాష్ట్రపతి, రాష్ట్రానికి ప్రధాన న్యాయవాది అయిన అడ్వకేట్ జనరల్‌ను 165వ అధికరణ కింద గవర్నర్ నియమిస్తారు. సొలిసిటర్ జనరల్‌ది రాజ్యాంగ పదవి కాదు. కేంద్ర మంత్రివర్గ నియామకాల కమిటీ ఆమోదంతో వచ్చేది. రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే అడ్వకేట్ జనరల్, ఆ వెంటే హైకోర్టులోని ప్రభుత్వ ప్లీడర్లు (జీపీలు), సహాయ ప్రభుత్వ ప్లీడర్లు (ఏజీపీలు) మారడం మామూలు. అయినా ఈ పోస్టులు పంచిపెట్టుకునే కానుకలు కావని, ఎంపిక న్యాయంగా, పారదర్శకంగా ఉండాలని 2016లో పంజాబ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ప్రభుత్వం తరఫున క్రిమినల్ కేసులు వాదించే జిల్లా పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) విషయంలో చట్టం మరింత నిర్దిష్టంగా ఉంది. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 18వ సెక్షన్ ప్రకారం, కలెక్టర్ సెషన్స్ జడ్జిని సంప్రదించి పేర్ల జాబితా తయారు చేయాలి. ఏడేళ్లకు తక్కువ కాకుండా ప్రాక్టీసు ఉన్నవారే అర్హులు. ప్రాసిక్యూషన్ అధికారుల కేడర్ (రెగ్యులర్ ఉద్యోగుల వ్యవస్థ) ఉన్న రాష్ట్రంలో మాత్రం ఆ కేడర్ నుంచే తీసుకోవాలి. కాబట్టి పీపీ నియామక జీవో చేతికి వస్తే, ఆ పేరు జాబితా నుంచి వచ్చిందా, కేడర్ నుంచా అని చూడండి. రెండూ కాకపోతే ప్రశ్నించడానికి చట్టబద్ధమైన ఆధారం ఉన్నట్టే. ఎవరి సిఫార్సూ లేని యువ న్యాయవాదులకు అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ) పోస్టు మంచి దారి. తెలుగు రాష్ట్రాల్లో వీటిని పోలీసు నియామక మండళ్లు రాతపరీక్ష పెట్టి భర్తీ చేస్తున్నాయి కనుక, ఆ మండళ్ల నోటిఫికేషన్లను గమనిస్తూ ఉండాలి.