వైరస్ వంశవృక్షం చదవడం – 3వ పాఠం: పుట్టిల్లు ఎక్కడ?

ముందుగా గత పాఠంలో ఇచ్చిన లెక్క. కాలేయానికి సోకే హెపటైటిస్ సి వైరస్‌లో ఒకే ఉపరకానికి చెందిన రెండు జన్యుక్రమాలను, అంటే జన్యుపదార్థపు అక్షరాల వరుసలను, పక్కపక్కన పేర్చితే నూటికి 4 అక్షరాలు తేడాగా ఉన్నాయి. ఈ వైరస్‌లో ఏడాదికి వెయ్యి అక్షరాలకు సుమారు ఒకటి మారుతుంది. అవి విడిపోయి ఎన్నేళ్లయింది? 40 ఏళ్లు అని రాసినవారు ఒక మెట్టు దాటేశారు. విడిపోయాక రెండు కొమ్మలూ మారుతూనే ఉన్నాయి కాబట్టి తేడాను రెండింటికీ పంచాలి. జవాబు 20 ఏళ్లు. ఈ భాగహారం మరిచిపోతే వయసులన్నీ రెట్టింపవుతాయి. అలవాటయ్యేదాకా ప్రతి లెక్కలోనూ కాగితం మీద రాసే చేయండి.

ఈరోజు కాలాన్ని కాసేపు పక్కన పెట్టి చోటు సంగతి చూద్దాం. వైరస్ ఎక్కడ పుట్టిందని అడిగితే చాలామంది, అది ఎక్కువమందికి సోకిన దేశం వైపు వేలు చూపిస్తారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. ఆ ఆలోచన ఎంత తప్పుదారి పట్టిస్తుందో చూపడానికి ఈజిప్టును మించిన ఉదాహరణ లేదు.

2008లో ఈజిప్టులో జరిగిన జాతీయ సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వారిలో 14.7 శాతం మంది రక్తంలో ఈ వైరస్‌కు ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కనిపించాయి. జన్యుక్రమం తేడాలను బట్టి ఈ వైరస్‌ను విడదీసిన పెద్ద రకాలను జీనోటైపులు అంటారు. అక్కడ ఉన్నది ప్రధానంగా జీనోటైప్ 4, అందులోనూ 4ఎ అనే ఉపరకం. అయితే జీనోటైప్ 4 పుట్టిల్లు ఈజిప్టేనా? చెట్టు గీసి చూద్దాం. వేరు (అన్నింటి ఉమ్మడి పూర్వీకుడు) ఎడమవైపు, నేటి నమూనాలు కుడివైపు చివర్లలో. ప్రతి చివర పక్కన దేశం పేరు రాయండి. ఈజిప్టు నమూనాలలో అత్యధికం ఒకే గుంపుగా కూడుకుంటాయి. వాటి కొమ్మలు పొట్టివి, దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా చీలుతాయి. ఇప్పుడు కామెరూన్, గాబన్, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి వచ్చిన నమూనాలను చూడండి. అవి చెట్టంతా పరుచుకుని ఉంటాయి. ఒక్కొక్కటి ఒక్కో ఉపరకం. కొమ్మలు పొడవైనవి, వేరుకు దగ్గరగా విడిపోయినవి.

పాత ఊరిని, దాని నుంచి వలస వెళ్లిన ఒక కుటుంబం కట్టుకున్న కొత్త ఊరిని ఊహించుకోండి. కొత్త ఊళ్లో వంద ఇళ్లున్నా ఇంటిపేరు ఒకటే. పాత ఊళ్లో ఇరవై ఇళ్లే మిగిలినా పదిహేను ఇంటిపేర్లు వినిపిస్తాయి. ఇళ్ల సంఖ్య చూసి ఏది పాత ఊరో చెప్పలేం, ఇంటిపేర్లు చూసి చెప్పగలం. వైరస్ విషయంలోనూ అంతే. కొత్త చోటికి చేరేవి ఒకటో రెండో వంశాలు. వైవిధ్యం పేరుకోవడానికి మాత్రం కాలం కావాలి. కాబట్టి జీనోటైప్ 4 పుట్టిల్లుగా మనం గుర్తు పెట్టవలసింది మధ్య ఆఫ్రికాను.

మరి ఈజిప్టులో ఆ దువ్వెన పళ్లు ఎలా వచ్చాయి? ఇక్కడ కాస్త ఆగాలి. 1920ల నుంచి 1980ల దాకా అక్కడ పరాన్నజీవి పురుగుల వల్ల వచ్చే బిల్హార్జియా వ్యాధికి టార్టార్ ఎమెటిక్ అనే ఆంటిమొనీ లవణాన్ని రక్తనాళాల్లోకి ఎక్కించేవారు. ఒక్కొక్కరికి పలుమార్లు ఇంజెక్షన్లు, సరిగా శుద్ధి కాని సిరంజిలు. చెట్టులో కొమ్మలు విరివిగా చీలిన కాలమూ ఈ చికిత్సలు సాగిన కాలమూ ఒకదానితో ఒకటి సరిపోతాయి. ఒక జబ్బు నయం చేయించుకోవడానికి చేయి చాచిన మనుషుల చరిత్ర అది. ఆ పొట్టి కొమ్మలను చూసినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది. 1989 దాకా ఈ వైరస్‌ను ఎవరూ గుర్తించనేలేదు.

ఇదే పద్ధతిలో మిగతావాటినీ చదవవచ్చు. జీనోటైప్ 2 వైవిధ్యం పశ్చిమ ఆఫ్రికాలో, 3 వైవిధ్యం దక్షిణాసియాలో, 6 వైవిధ్యం ఆగ్నేయాసియాలో మెండు. జీనోటైప్ 5 దక్షిణాఫ్రికాలో ఎక్కువగా కనిపిస్తుంది కానీ, అందులో చాలాకాలం 5ఎ ఒక్కటే తెలుసు. పోల్చడానికి ఇంటిపేర్లే లేనప్పుడు మన సూత్రానికి పట్టు దొరకదు. అక్కడ తొందరపడి తీర్పు చెప్పకండి. ప్రపంచమంతా కనిపించే 1ఎ, 1బి, 3ఎ ఉపరకాలవి మళ్లీ దువ్వెన పళ్లే. రక్తమార్పిడి, పంచుకున్న సూదులు వాటిని 20వ శతాబ్దంలో ఖండాలు దాటించాయి.

ఇక రెండు జాగ్రత్తలు. మొదటిది, చివర పక్కన రాసే దేశం పేరు. జీనోటైప్ 7ను కెనడాలో గుర్తించారు, కానీ ఆ రోగి వచ్చింది కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం నుంచి. 2018లో వెల్లడైన జీనోటైప్ 8 కూడా కెనడాలోనే దొరికింది, ఆ రోగుల మూలాలు పంజాబ్‌లో ఉన్నాయి. రక్తం తీసిన చోటు పేరు రాసుకుంటే రెండింటి పుట్టిల్లూ కెనడా అయిపోతుంది! పైగా పరీక్షలు, జన్యుక్రమం చదివే సౌకర్యాలు ఉన్న దేశాల నుంచే నమూనాలు ఎక్కువగా వస్తాయి. ఖాళీగా కనిపించే ప్రాంతం వైరస్ లేని ప్రాంతం కాదు, ఎవరూ వెతకని ప్రాంతం కావచ్చు.

రెండోది, మనం నేర్చుకున్న లెక్క హద్దు. రెండు జీనోటైపుల మధ్య తేడా సుమారు 30 శాతం. లెక్క వేస్తే 150 ఏళ్లు వస్తుంది. ఇది నిజమయ్యే అవకాశం లేదు. కరీబియన్‌లోని మార్టినిక్‌లో దొరికిన జీనోటైప్ 2 వంశాలు పశ్చిమ ఆఫ్రికా వంశాలకు దగ్గరివి. బానిసల ఓడలతో అవి సముద్రం దాటాయని పరిశోధకులు భావిస్తున్నారు. ఆ వ్యాపారం 150 ఏళ్ల కంటే పాతది, అప్పటికే జీనోటైప్ 2 వేరుగా ఉండి ఉండాలి కదా. లెక్క ఎందుకు తప్పింది? ఒకే స్థానంలోని అక్షరం మళ్లీ మళ్లీ మారితే, చివరి మార్పు ఒక్కటే మనకు కనిపిస్తుంది. మొత్తం 9,600 అక్షరాలలో కొన్ని మారితే వైరస్ బతకలేదు, అవి ఎప్పటికీ కదలవు. అందుకే సూటి లెక్కను దగ్గరి బంధువులకే వాడండి.

అభ్యాసం: 'క' ప్రాంతం నుంచి 60 నమూనాలు వచ్చాయి, జంటల మధ్య సగటు తేడా 3 శాతం. 'చ' ప్రాంతం నుంచి 8 వచ్చాయి, సగటు తేడా 19 శాతం. ఆ ఎనిమిదిలో ఒకటి 'చ' నుంచి వలస వెళ్లిన వ్యక్తికి 'క'లోని ఆసుపత్రిలో తీసిన రక్తం. పుట్టిల్లు ఏది? ఏ ప్రాంతానికి సూటి లెక్క వేస్తారు, ఎన్నేళ్లు వస్తుంది? ఆ ఒక్క నమూనా పక్కన ఏ పేరు రాస్తారు?

వచ్చే పాఠంలో 2002లో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి వెల్లడైన 2కె/1బి వైరస్‌ను తీసుకుందాం. దాని జన్యుక్రమంలో ఒక వైపు జీనోటైప్ 2 నుంచి, మరో వైపు జీనోటైప్ 1 నుంచి వచ్చాయి. దాన్ని చెట్టులో ఏ కొమ్మ మీద కూర్చోబెడతారో ఆలోచించి రండి.