పెళ్లి ఫోటోల్లో ముఖాలు ఊదారంగులో, చారలతో వస్తున్నాయా? కెమెరాను తిట్టే ముందు చూడాల్సినవి

ఫోటోలు చేతికొచ్చాక పెళ్లివారింట్లో వినిపించే మాట ఒకటే: "అంత పోసి మాట్లాడుకుంటే చవక కెమెరా తెచ్చాడు." నిజానికి ఈ రోజుల్లో పెళ్లికి వచ్చే ఏ కెమెరా అయినా పనికి చాలుతుంది. తప్పు చాలాసార్లు మండపంలోనో, మాట్లాడుకున్న పద్ధతిలోనో, మీ ఫోనులోనో ఉంటుంది. ముందు ఫోనుతో మొదలుపెట్టండి. ఎన్నిసార్లు చెప్పినా దాటేసేది అదే.

లక్షణం: ఫోటోలు మసకగా ఉన్నాయి

చూస్తున్నది అసలు ఫైలా, వాట్సాప్‌లో వచ్చిందా? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో పొడవు వైపు సుమారు 1600 పిక్సెల్స్‌కు కుదించుకుపోతుంది. ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెల్స్ లెక్క వేసుకుంటే అది ఐదంగుళాల బొమ్మకే సరి. 12x36 అంగుళాల కరిజ్మా షీటులో (ఆల్బమ్ తెరిస్తే రెండు పేజీలు కలిసి ఉండేది) సగం నింపే ఫోటోకు 18 అంగుళాలు, అంటే 5400 పిక్సెల్స్ కావాలి. మేనమామ ఫోనులో పడ్డ మంచి ఫోటోను ఆల్బమ్‌లో పెట్టించాలనుకుంటే డాక్యుమెంట్‌గా పంపండి, లేదా డ్రైవ్ లింక్ ఇవ్వండి. ఫార్వర్డ్ అయిన ఫోటో వద్దే వద్దు.

అసలు ఫైలే మసకగా ఉంటే, అందులో ఏది మసకగా ఉందో చూడండి. తలంబ్రాలు పోసే చేతులు చెరిగిపోయి ముఖాలు బాగుంటే షట్టర్ స్పీడ్ చాలలేదు. 1/60 (సెకనులో అరవయ్యో వంతు) దగ్గర తీసి ఉంటారు, ఆ ఘట్టానికి 1/250 అయినా కావాలి. పెళ్లికూతురు మసకగా ఉండి వెనక పూలదండ తేటగా ఉంటే ఫోకస్ దాటిపోయింది. ఈ రెంటికీ తర్వాత మందు లేదు. షార్పెన్ చేయిస్తే చర్మం ప్లాస్టిక్‌లా తయారవుతుంది. అదే క్షణంలో వరసగా తీసిన పక్క ఫ్రేములు అడగండి, ఒకటైనా బాగుండే అవకాశం ఎక్కువ.

లక్షణం: జీలకర్ర బెల్లం, సూత్రధారణ ఫోటోల్లోనే రంగులు చెడ్డాయి, మిగతావన్నీ బాగున్నాయి

అసలు మెలిక ఇక్కడే ఉంది. గౌరీపూజ ఫోటోలు ముత్యాల్లా ఉంటాయి, కన్యాదానం బాగుంటుంది, తీరా సుముహూర్తానికి ఒక ఫ్రేములో ముఖాలు నీలం, ఆ పక్క ఫ్రేములో ఎరుపు, మూడోదాంట్లో అడ్డంగా చారలు. సరిగ్గా ఆ నిమిషంలోనే ఫోటోగ్రాఫర్‌కు చేతకాకుండా పోయిందా?

కారణం మండపం చుట్టూ డెకరేషన్ వాళ్లు పెట్టిన పార్ లైట్లు, అంటే రంగులు మార్చే ఎల్‌ఈడీ ఫోకస్ లైట్లు. వీటిలో చాలావాటికి సౌండ్ మోడ్ ఉంటుంది. లైటులోనే చిన్న మైకు ఉండి, చప్పుడు పెరిగినప్పుడల్లా రంగు మారుస్తుంది. డీజే కోసం చేసిన ఏర్పాటది. సంగీత్‌కు పెట్టిన లైట్లనే తెల్లారి మండపానికి మారుస్తారు, మోడ్ మార్చడం మరిచిపోతారు. సన్నాయి మెల్లగా సాగినంతసేపూ లైటు కదలదు. పంతులుగారు చెయ్యెత్తి గట్టిమేళం అనగానే డోలు దరువుకు లైట్లన్నీ ఒక్కసారిగా ఎగిరిపడతాయి. గట్టిమేళం మోగేది జీలకర్ర బెల్లానికి, మంగళసూత్రానికే కదా! సాయంత్రం లైట్లు వేసి చూసినప్పుడు అంతా బాగున్నట్టే కనిపించడానికీ ఇదే కారణం, అప్పుడు మేళం లేదు.

ఆ రంగును తర్వాత ఎందుకు తీసెయ్యలేరంటే, ఎల్‌ఈడీ నీలంలో నీలం తప్ప మరో రంగు దాదాపు ఉండదు. ముఖం మీద అది ఒక్కటే పడితే చర్మం రంగుకు కావలసిన ఎరుపు, ఆకుపచ్చ సమాచారం ఫైలులోకే చేరదు. కెమెరాకు అందిన సమాచారమంతా దాచే రా ఫైలులో తీసినా లేనిదాన్ని తెప్పించలేరు. అలాంటి ఫ్రేమును నలుపు తెలుపులోకి మార్చి వాడుకోవడం ఒక్కటే మర్యాదైన దారి. ఎడిటర్లకో మాట: వైట్ బ్యాలెన్స్‌కు (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచెయ్యడానికి) మధుపర్కం చీరను ఆధారంగా తీసుకోకండి. పసుపు తాకిన బట్ట అది, దాన్ని తెలుపు అనుకుంటే ముఖాలు నీలం వైపు పోతాయి. పంతులుగారి ఉత్తరీయం మేలు.

ఇక చారల సంగతి. రంగుల కథ, చారల కథ వేరువేరు. ఒకటి సరిచేసి రెండోది వదిలేసేవాళ్లే ఎక్కువ. చార ఎలా ఉందో చూస్తే కారణం తెలుస్తుంది.

వెడల్పాటి మసక పట్టీలు వీడియోలో పైకో కిందికో పాకుతుంటే అది కరెంటు లెక్క. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ట్యూబులు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/50 లేదా 1/100 అయితే మిణుకులు పూర్తిగా ఇమిడిపోయి పట్టీ కనబడదు, 1/60 అయితే కనబడుతుంది. అమెరికా నుంచి అన్నయ్య తెచ్చిన కెమెరాలో వీడియో అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీలో, అంటే సెకనుకు 30 ఫ్రేములు, 1/60లో ఉంటుంది. మెనూలో మన పద్ధతి పాల్‌కు మార్చి 25 ఫ్రేములు, 1/50 పెట్టండి. డల్లాస్‌లో జరిగే తెలుగు పెళ్లికి లెక్క తిరగబడుతుంది. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడి నుంచి వెళ్లిన కెమెరాలో 1/60 పెట్టాలి.

సన్నగా, దగ్గర దగ్గరగా, కొన్నిచోట్ల ఎర్రగానో పచ్చగానో ఉండే చారలైతే అది డిమ్మర్ పని. ఎల్‌ఈడీ వెలుగు తగ్గించడమంటే దాన్ని సెకనుకు వందల వేల సార్లు ఆర్పి వెలిగించడమే, ఒక్కో రంగుకు విడివిడిగా. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. 1/50 పెట్టినా ఇవి పూర్తిగా పోవు. పైగా క్యాండిడ్ (పోజులు లేకుండా సహజంగా) తీసేవాళ్లు చప్పుడు రాకుండా సైలెంట్ షట్టర్ వాడతారు. అందులో సెన్సర్ ఒక్కో వరసే చదువుతుంది కాబట్టి చార ఇంకా ముదురుతుంది. మెకానికల్ షట్టర్‌కు మార్చాలి. కెమెరాలో ఉండే మామూలు యాంటీ ఫ్లికర్ (మిణుకులను తప్పించే సెట్టింగ్) ఈ డిమ్మర్ చారలకు పనిచెయ్యదు, కరెంటు మిణుకులకే. కెమెరాను నిలువుగా పట్టుకుంటే చారలూ నిలువుగానే పడతాయి. అవి చూసి లెన్స్ పాడైందనుకోవద్దు.

సరిచేసే పద్ధతి:

1. డెకరేషన్ ఆర్డరులోనే రాయించండి: "గౌరీపూజ నుంచి తలంబ్రాలు అయ్యేదాకా మండపం మీద పడే పార్ లైట్లు వార్మ్ వైట్‌లో కదలకుండా ఉండాలి, సౌండ్ మోడ్, ఆటో మోడ్ వద్దు." రంగులు కావాలంటే వెనక తెర మీదకు, స్తంభాల మీదకు తిప్పుకోమనండి. పెళ్లికొడుకు, పెళ్లికూతురి ముఖాల మీద మాత్రం రంగు పడకూడదు.
2. లైటు ఎక్కువైందనిపిస్తే డిమ్ చేయించకండి. రెండు లైట్లు ఆర్పించండి, లేదా వెనక్కి జరిపించండి. మిగిలినవాటిలో తెలుపు పూర్తిగా, అంటే కంట్రోలర్ మీద 255లో ఉండాలి.
3. లైట్లు కట్టిన సాయంత్రం పీటల దగ్గర ఎవరినైనా కూర్చోబెట్టి, ఫోనులో స్లో మోషన్ పెట్టి పది సెకన్లు తీయండి. తీస్తుండగా హాలు స్పీకరులో గట్టిమేళం మోగించండి. రంగు మారితే సౌండ్ మోడ్ ఉన్నట్టే. ముఖం మీద వెలుగు దడదడలాడితే డిమ్మరో, చవక లైటో. మొత్తం పది నిమిషాల పని. దీన్ని చెయ్యకుండా లక్షల ఆల్బమ్ గురించి మాట్లాడటం దండగ.
4. వెనక ఎల్‌ఈడీ వాల్ పెడుతుంటే 3840 హెర్ట్జ్ రిఫ్రెష్ ఉన్న ప్యానెళ్లు అడగండి, 1920వి ఎక్కువగా చారలిస్తాయి. పీటలకూ వాల్‌కూ మధ్య వీలైనంత ఎడం ఉంచండి. ఫోకస్ వాల్ మీద పడితే అలలు అలలుగా గళ్లు కనిపిస్తాయి.
5. తలంబ్రాలకు 1/250 కావాలన్నాం, చార పోవాలంటే 1/100 కావాలన్నాం. రెండూ ఒకేసారి కుదరవు. ఫ్లాష్ పనికొచ్చేది అక్కడే: 1/100లో ఉంచి ఫ్లాష్ కొడితే ఎగిరే బియ్యం ఆగుతుంది, ముఖాల మీద శుభ్రమైన తెల్లని వెలుగూ పడుతుంది. రంగుల గుడ్డ కట్టిన పందిరి అయితే ఫ్లాష్‌ను పైకప్పుకు కొట్టొద్దు, ఆ గుడ్డ రంగే ముఖాల మీదకు దిగుతుంది.

పెళ్లి అయిపోయాక తెలిస్తే? వరస ఫ్రేముల్లో చార ఒకేచోట ఉండదు, ముఖాల మీద పడనిది ఏరండి. వీడియోకు డావిన్చీ రిజాల్వ్ స్టూడియో అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేరులో మిణుకులు తగ్గించే డీఫ్లికర్ ఉంది. వెడల్పు పట్టీలను బాగానే తగ్గిస్తుంది, రంగు చారల ముందు చేతులెత్తేస్తుంది.

లక్షణం: ఘట్టం జరిగింది, ఫోటో లేదు

అడ్డం. ఇరవై మంది ఫోన్లెత్తి ముందుకొచ్చారు, అంతే. మండపం ముందు ఆరడుగులు ఖాళీగా ఉంచమని ఫోటోగ్రాఫర్ చెబితే ఎవరూ వినరు. అందరూ మాట వినే పెదనాన్ననో బాబాయినో ఆ పనికి నిలబెట్టండి. పంతులుగారితో ఫోటోగ్రాఫర్ ముందుగానే రెండు నిమిషాలు మాట్లాడాలి: అడ్డుతెర ఎటునుంచి తీస్తారు, మూడు ముళ్లు వేసేటప్పుడు పెళ్లికొడుకు ఏ పక్కన నిలబడతాడు. అయిపోయాక "ఇంకోసారి కట్టండి, ఫోటోకి" అనిపించుకునే స్థితి రానివ్వకండి.

లక్షణం: శాంపిల్ ఆల్బమ్ అద్భుతం, మనది సాదాసీదా

తీసింది వేరే మనిషి. బలమైన ముహూర్తం రోజున ఒకే స్టూడియో మూడు నాలుగు పెళ్లిళ్లు ఒప్పుకుని బయటివాళ్లను పంపుతుంది. అడ్వాన్స్ ఇచ్చేముందు ఒప్పందం మీద వచ్చేవాళ్ల పేర్లు రాయించుకోండి: క్యాండిడ్ ఎవరు, ట్రెడిషనల్ ఎవరు, వీడియో ఎవరు. శాంపిల్‌గా ఏరిన ముప్పై ఫోటోలు చూడకండి. మీలాంటి ఫంక్షన్ హాలులో అర్ధరాత్రి ముహూర్తానికి తీసిన ఒక్క పెళ్లి మొత్తం ఫోల్డర్ చూపించమనండి. సాయంత్రపు ఎండలో తీసిన ప్రీ వెడ్డింగ్ చూసి మండపం పనిని అంచనా వెయ్యలేం.

లక్షణం: ఆరు నెలలైంది, ఆల్బమ్ రాలేదు

స్టూడియోకు ఫోన్ చేసే ముందు ఇంట్లో అడగండి: సెలెక్షన్ ఎవరి దగ్గర ఆగింది? 40 షీట్ల ఆల్బమ్‌కు షీటుకు నాలుగైదు చొప్పున 160 నుంచి 200 ఫోటోలు కావాలి. మూడు వేల నుంచి అవి ఏరడానికి రెండు కుటుంబాలు కూర్చోవాలి, కూర్చోరు. ఘట్టానికి ఇన్ని అని ముందే పంచుకుని ఏరండి. స్క్రీన్‌షాట్లు కాకుండా ఫైల్ నంబర్లు పంపండి. డిజైన్ వచ్చాక పేర్లలో అక్షరాలు, తేదీ చూసి ఒప్పుకోండి. చివరి వాయిదా డబ్బు ఆల్బమ్‌తో పాటు మొత్తం డేటా హార్డ్ డిస్క్‌లో చేతికొచ్చాకే.

అరుదైనవి

మెమరీ కార్డు చెడటం: రెండు కార్డుల్లో ఒకేసారి రాసే కెమెరా అయితే భయం లేదు, మాట్లాడేటప్పుడు అడిగితే చాలు. లెన్స్ మీద ఆవిరి: ఏసీ గదిలోంచి విశాఖ, కాకినాడ ఉక్కలోకి తెస్తే పడుతుంది, అరగంట ముందే బ్యాగు మూసి ఉంచి బయటపెట్టాలి. డ్రోన్ ఎగరకపోవడం: హాలు విమానాశ్రయానికి దగ్గరగా ఉందేమో, డ్రోన్లు ఎక్కడ ఎగరవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ముందే చూసుకోమనండి. హోమం పొగ: మండపం ఫ్యాను కెమెరా వైపు కాకుండా పక్కకు తిప్పండి.