క్యాథలిక్ ఆసుపత్రి బిల్లు కట్టలేకపోతే: అమెరికాలో ఆర్థిక సహాయానికి దరఖాస్తు విధానం

అమెరికాలో క్యాథలిక్ ఆసుపత్రులు చాలావరకు లాభాపేక్ష లేనివి. పన్ను మినహాయింపు నిలవాలంటే, 2010 నాటి ఆరోగ్య చట్టం ప్రకారం ఇవి ఆర్థిక సహాయ విధానాన్ని రాసి వెబ్‌సైట్‌లో పెట్టాలి, అడిగితే కాగితం మీద ఉచితంగా ఇవ్వాలి. ఇది ప్రభుత్వ పథకం కాదు, ఆసుపత్రి తన బిల్లులో తానే ఇచ్చే తగ్గింపు. మీ మతం ఏదైనా పర్వాలేదు, చర్చి ఉత్తరమూ అక్కర్లేదు.

ఫారం నింపే ముందు ఆ విధానం చదవండి. ఆదాయ పరిమితి, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) నివాసం ఉండాలన్న షరతు, ఏ డాక్టర్లకు వర్తిస్తుందన్న జాబితా చూడండి. అందరూ దెబ్బతినేది ఈ జాబితా దగ్గరే. ఎమర్జెన్సీ డాక్టర్, మత్తు డాక్టర్, రేడియాలజిస్టు తరచూ వేరే సంస్థల వాళ్లు, బిల్లు విడిగా పంపుతారు. ఆసుపత్రి మాఫీ చేసినా వాళ్ల బిల్లు మిగిలే ఉండొచ్చు.

ఆదాయాన్ని కేంద్ర ప్రభుత్వ పేదరిక రేఖతో పోల్చి చూస్తారు. 2025లో అలాస్కా, హవాయి మినహా నలుగురి కుటుంబానికి అది ఏడాదికి 32,150 డాలర్లుగా ఉండేది. ఆదాయం ఆ రేఖకు రెండింతల లోపు (2025 లెక్కన 64,300 డాలర్లు) ఉంటే చాలా చోట్ల పూర్తి మాఫీ. ఆపైన కొంతవరకు పాక్షిక తగ్గింపు. హద్దులు ఆసుపత్రిని బట్టి మారతాయి. బీమా ఉన్నవాళ్లు కూడా డిడక్టిబుల్ భాగానికి (బీమా చెల్లించడం మొదలయ్యే ముందు మీరే కట్టాల్సిన మొత్తం) అడగవచ్చేమో కనుక్కోండి.

సాధారణంగా అడిగేవి: తాజా పన్ను రిటర్ను, ఇటీవలి పే స్టబ్‌లు (జీతం చీటీలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు, గుర్తింపు కార్డు. ఆదాయమే లేకపోతే ఎవరు పోషిస్తున్నారో వాళ్ల సంతకంతో ఉత్తరం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్‌కు అర్హత ఉండే అవకాశం ఉంటే ముందు అక్కడ దరఖాస్తు పెట్టమంటారు. అక్కడ తిరస్కరిస్తే ఆ లేఖ దాచుకోండి. ఫారంలో రాసిన కుటుంబ సభ్యుల సంఖ్య రిటర్నుతో కలవకపోతే ఫైలు ఆగుతుంది. స్టేట్‌మెంట్‌లో ఖాళీ పేజీతో సహా అన్నీ పంపాలి. సంతకం మరిచిపోవడం మామూలే!

గడువు: డిశ్చార్జి తర్వాత వచ్చిన మొదటి బిల్లు తేదీ నుంచి కనీసం 240 రోజులు. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి లెక్కపెట్టకండి. అదే తేదీ నుంచి మొదటి 120 రోజుల్లో ఆసుపత్రి కోర్టు కేసు, జీతం జప్తు, అప్పుల చరిత్ర నమోదు చేసే క్రెడిట్ సంస్థలకు బాకీ సంగతి తెలపడం వంటివి చేయకూడదు. దరఖాస్తు అసంపూర్తిగా ఉంటే ఏం తక్కువైందో ఆసుపత్రి రాతపూర్వకంగా చెప్పి, అలాంటి చర్యలు ఆపాలి. అందుకే కాగితాలన్నీ చేతికొచ్చేదాకా ఆగకుండా, ఉన్నవాటితో పెట్టేయడం మేలు. నకలు ఉంచుకోండి. క్రెడిట్ కార్డుతో కట్టేశారంటే ఆ వడ్డీ మాత్రం మీదే.

ఎమర్జెన్సీలో చికిత్స మొదలవడానికి ఈ తతంగం అవసరం లేదు. 1986 చట్టం ప్రకారం డబ్బు సంగతి పక్కనపెట్టి ముందు పరీక్షించి, పరిస్థితిని స్థిరపరచాలి. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే తేదీకి ముందే దరఖాస్తు పెట్టండి. కాన్పుకు వెళ్లేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి: బిషప్పుల నియమావళి ప్రకారం క్యాథలిక్ ఆసుపత్రుల్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు అనుమతి లేదు. కాన్పుతో పాటే చేయించుకోవాలనుకుంటే వేరే ఆసుపత్రి చూసుకోవాలి.

మంజూరైతే, అత్యవసర చికిత్సకూ వైద్యపరంగా అవసరమైన ఇతర చికిత్సకూ బీమా ఉన్నవాళ్ల మీద సాధారణంగా పడే మొత్తానికి మించి మీ దగ్గర వసూలు చేయకూడదు. ఆ బిల్లుకు అప్పటికే ఎక్కువ కట్టి ఉంటే, తేడా 5 డాలర్లు లేదా ఆపైన ఉంటే వెనక్కి ఇవ్వాలి. మంజూరు లేఖలో అది ఎన్నాళ్లు చెల్లుతుందో చూసి, తర్వాతి అపాయింట్‌మెంట్లకు ఆ లేఖ పట్టుకెళ్లండి.