లేజర్ కటింగ్‌కి ముందు ఒక దువ్వెన కోయించండి

ఇంజనీరింగ్‌లో డిజైన్, ఫ్యాబ్రికేషన్ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లకు ఒక మాట. షీటు 3 మిల్లీమీటర్లని షాపువాళ్లు చెప్తే అదే నమ్మి డ్రాయింగ్ గీసేయకండి.

మా టీమ్ అక్రిలిక్‌తో టేబుల్ ల్యాంపు చేసింది. రాణిగంజ్‌లో షీటు కొని, పలకలు ఒకదాంట్లో ఒకటి దిగే గాళ్లన్నీ (సన్నటి సందులు) సరిగ్గా 3 మి.మీ. గీశాం. తీరా బిగిస్తే పలకలు లొడలొడమన్నాయి. మర్నాడే రివ్యూ, ఒకటే టెన్షన్! వెర్నియర్‌తో కొలిస్తే షీటు 2.8 మాత్రమే ఉంది. పైగా లేజర్ వెళ్లిన దారిలో కొంత పదార్థం కాలిపోతుంది కాబట్టి గాడి ఇంకో 0.1, 0.2 మి.మీ. వెడల్పవుతుంది.

కాలేజీ వర్క్‌షాపులో అయినా, హైదరాబాద్ రాయదుర్గంలో నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం టీ-వర్క్స్‌లో అయినా, ముందు షీటు మూలలోంచి దువ్వెనలాంటి చిన్న ముక్క కోయించండి. డ్రాయింగ్‌లో పళ్ల మధ్య సందులు 2.5, 2.6, 2.7, 2.8, 2.9 మి.మీ. ఇలా ఉండాలి. అదే షీటు తునకను ఒక్కో సందులో దూర్చి చూడండి. బొటనవేలితో నొక్కితే దిగి, తలకిందులు చేసినా జారకుండా నిలిచిందే మీ కొలత. అక్రిలిక్‌ని మాత్రం బలవంతంగా దూర్చకండి, మూలల్లో పగుళ్లొస్తాయి. ఎండీఎఫ్ (చెక్క పీచును అదిమి చేసే పలక) కాస్త ఓర్చుకుంటుంది.

ఆ కొలతను క్యాడ్‌లో (డ్రాయింగ్ గీసే సాఫ్ట్‌వేర్‌లో) పారామీటర్‌గా, అంటే గాళ్లన్నీ వాడుకునే ఒకే అంకెగా పెట్టుకోండి. షీటు మారితే ఒక్క అంకె మారిస్తే చాలు.

అన్నట్టు, పీవీసీ ప్లాస్టిక్ నురగతో చేసిన సన్‌బోర్డు పలకను లేజర్ కింద అస్సలు పెట్టకండి. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకూ మెషీన్‌కూ చేటు. దాన్ని కట్టర్‌తో చేత్తోనే కోసుకోండి.